అరవై ఎనిమిది సున్నా రెండు

తంబుచెట్టి వీధి, మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే హార్బర్ క్రేన్ల మెడలు,
మూసేస్తే ఫ్యాను చప్పుడు.
పదకొండేళ్లుగా ఇక్కడ కూర్చుని
ఓడలకు కాగితాలు కడుతున్నాను.
ఒక్క ఓడా ఎక్కలేదు.

పొద్దున్నే మా పేరయ్యశెట్టి గారు
పేపరు చూడరు, నా ముఖం చూస్తారు:
"ఏమ్మా వకుళా, దారుందా?"
దారంటే ఎర్ర సముద్రం.
లేకపోతే ఆఫ్రికా అడుగంతా చుట్టుకుని
గుడ్ హోప్ మీదుగా.
ఆశ మీదుగా పోతే పన్నెండు రోజులు ఎక్కువ,
డబ్బాకింత అని యుద్ధపు రుసుము వేరే.
మా బిల్లులో యుద్ధానికీ ఒక వరస ఉంది,
స్టాంపులకీ కూలికీ మధ్యన.

కింద టీకొట్టు ఏళుమలై
ఒలికిన టీలో వేలు ముంచి
బల్ల మీద సముద్రం గీస్తాడు.
ఇటు వీళ్లు, ఇటు వాళ్లు,
నడుమ ఇదిగో ఈ సందు,
మన మింట్ స్ట్రీట్ కన్నా ఇరుకంటాడు.
సిలిండరు ధర పెరిగిందని
గ్లాసులో రెండు గుక్కలు తగ్గించాడు.
ఈగ ఒకటి వచ్చి జలసంధి మీద వాలింది.
గుడ్డ పెట్టి తుడిచేశాడు.

మా అవ్వ నన్ను ఎండెన్ అనేది.
అడిగింది ఇచ్చేదాకా గుమ్మంలో బైఠాయిస్తే
"ఎండెన్ రా ఇది, ఎండెన్" అని
సగం తిట్టు, సగం మురిపెం.
ఎండలో తిరుగుతాను గనక ఎండెన్ అనుకున్నాను
చాలా ఏళ్లు.
హైకోర్టు గోడకున్న పలక చదివాకే తెలిసింది,
అది ఓడ. జర్మనీది.
వెనకటి పద్నాలుగులో ఒక రాత్రి వచ్చి
ఈ ఊరి చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించి
అరగంటలో చీకట్లో కలిసిపోయింది.
జనం మూటలు కట్టుకుని రైళ్లెక్కారు.
తిరిగొచ్చి, ఆ పేరు
మొండిపిల్లలకు పెట్టుకున్నారు.
మా అవ్వకు జర్మనీ అంటే సత్తు గిన్నె, అంతే.

ఇప్పటి యుద్ధాలు ఏ పేర్లు వదిలిపోతాయో.
చెల్లెలి కొడుకు, రెండేళ్లవాడు,
నిద్రపోకుండా ఇల్లంతా గిరగిరా తిరుగుతుంటే
అప్పుడే "డ్రోన్ గాడు" అంటున్నారు.
నేనూ అన్నాను ఒకసారి.

నిన్న నాలుగున్నరకి
చీమకుర్తి రాయి గురించి మెయిలొచ్చింది.
నల్లరాయి, లోపల బంగారు నలుసులు,
రాత్రిని తవ్వి పలకలు కోసినట్టుంటుంది.
వంటింటి గట్లకని కోసినవి,
పద్దెనిమిది డబ్బాలు యార్డులో కాగుతున్నాయి.
కొనేవాడి ఊరు పేరు
నిరుటి దాకా ఏ వార్తలోనూ వినలేదు.
మర్యాదగానే రాశాడు.
ఆలస్యానికి నన్నేమీ అనలేదు.
కొలతలు మారాయన్నాడు.
ఎత్తు రెండున్నర అడుగులు,
పై అంచు గుండ్రం,
పాలిష్ ఒకవైపే చాలు.
కోసినవాటినే మళ్లీ కోయించండి,
ఎన్ని కావాలో తర్వాత చెప్తాను.

అర్థం కావడానికి కాసేపు పట్టింది.
కాగితం ఎగిరిపోతుంటే
పంచింగ్ మిషను బరువు పెట్టాను.

పేరయ్యశెట్టి గారు కళ్లజోడు తుడుచుకుని
"కోడు మారుతుందా అమ్మా?" అన్నారు.
తెలిసిందే, అయినా పుస్తకం తీసి చూశాను.
అరవై ఎనిమిది సున్నా రెండు.
రొట్టెపిండి పిసికే గట్టుకీ
పేరు చెక్కే రాయికీ
కస్టమ్స్ వాళ్ల లెక్కలో ఒకటే నంబరు.

"మారదండీ."

"అయితే పని తగ్గింది" అని
చాలాసేపు క్రేన్ల వైపే చూస్తూ నిలబడ్డారు.

ఫారం అంతా నింపాను.
సంఖ్య రాయాల్సిన గడి దగ్గర ఆగాను.
ఖాళీగా వదిలితే సిస్టం ముందుకు పోనివ్వదు,
ఎర్రగా అడుగుతుంది: ఎన్ని?
మళ్లీ నొక్కితే మళ్లీ: ఎన్ని?
ఒకటి అని కొట్టి చెరిపేశాను.
ఏడున్నర దాకా అలాగే కూర్చున్నాను.
వాచ్‌మన్ ఒక్కొక్క లైటే ఆర్పుకుంటూ వచ్చి
ఇంకా ఉన్నారా అన్నాడు.

మా అవ్వ ఉండుంటే
పేరు పెట్టి పిలిచేది.